మూడు రోజుల పండగ, మూడువందల అరవై రెండు రోజుల బువ్వ

2024 భోగి రాత్రి. బెజవాడ సత్యనారాయణపురంలో మా ఇల్లు. పన్నెండు దాటాక వంటింట్లో ఏదో చప్పుడైతే పిల్లి అనుకుని లేచాను. లైటు వేసేసరికి నాన్న. ఒక చేతిలో సగం తిన్న అరిసె, రెండో చేత్తో స్టీలు డబ్బాకి మూత పెట్టే ప్రయత్నం. అరవై మూడేళ్ల మనిషి, రిటైరయ్యే దాకా వందమంది చేత పని చేయించిన మనిషి, నన్ను చూడగానే అరిసెని వెనక్కి దాచుకున్నాడు.

నాన్నకి షుగరు వచ్చి అప్పటికి ఆరేళ్లు. డిసెంబరులో చేయించిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ 8.4 అని వచ్చింది. ఆ కాగితం ఫోటో అమ్మ వాట్సాప్‌లో పంపిన దగ్గర్నుంచీ నేను హైదరాబాదులో కూచుని నాన్న తిండికి కాపలా మొదలుపెట్టాను. ఫోన్లో ఒక యాప్ వేసుకున్నాను. అరిసెకి ఎన్ని కేలరీలు, బొబ్బట్టుకి ఎన్ని, పులిహోర కప్పు ఎంత, అన్నీ లెక్క రాసుకుని పండక్కి వచ్చాను. నేను దిగేసరికే అమ్మ అరిసెల డబ్బాని అటకెక్కించేసింది. నాన్న అర్ధరాత్రి స్టూలు వేసుకుని మరీ దాన్ని దింపాడన్నమాట. స్టూలు మీంచి పడితే తుంటి విరిగేది. షుగరు సంగతి తర్వాత.

తెల్లారాక గొడవ అయింది. పెద్దపండగ పూట అమ్మ ఏడ్చింది. నేను గట్టిగా మాట్లాడాను. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "ఈ మూడు రోజులూ నన్నొదిలెయ్యండమ్మా. మిగతా మూడువందల అరవై రెండు రోజులూ మీరు చెప్పినట్టు వింటాను" అన్నాడు. తాగేవాడి మాటలా ఉంది నాకు. ఎనభై నాలుగేళ్ల నాన్నమ్మ మాత్రం మంచం మీంచి, "వాడు సరిగ్గానే చెప్పాడే. మా రోజుల్లో పండక్కి తినేవాళ్లం, పండగయ్యాక పనికి పోయేవాళ్లం. మీకిప్పుడు రోజూ పండగే, పనే లేదు" అంది.

పండగ పూట ముసలావిడ విసిరిన మాట అని వదిలెయ్యలేకపోయాను. రోజూ పండగే అంటే ఏమిటి? ఎప్పట్నుంచి? ఏడాది పాటు దొరికిందల్లా చదువుతూ, నాన్నమ్మని అడుగుతూ ఈ ప్రశ్న వెనకాల తిరిగాను. ఇది అందులో తేలిన సంగతుల కథ.

*

ఆ ఏడు ముక్కనుమ నాడు మొవ్వ దగ్గరున్న మా ఊరెళ్లి, అక్కణ్ణుంచి శ్రీకాకుళం వెళ్లాం. ఉత్తరాంధ్రలో ఉన్న శ్రీకాకుళం కాదు. కృష్ణ ఒడ్డున ఘంటసాల మండలంలో ఉన్న చిన్న ఊరు, ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న ఊరు. గుళ్లో శ్రీకృష్ణదేవరాయల పేరు వినపడకుండా ఉండదు. కళింగ దండయాత్రకి వెళ్తూ రాయలు విజయవాడలో కొన్నాళ్లు ఉండి ఇక్కడికి వచ్చాడని, ఆ రాత్రి కల్లో ఆంధ్రవిష్ణువు కనపడి గోదాదేవి పెళ్లి కథని తెలుగులో రాయమన్నాడని 'ఆముక్తమాల్యద' మొదట్లో ఆయనే చెప్పుకున్నాడు.

అందరికీ తెలిసిన ఈ కథలో ఎవరూ పట్టించుకోని మాట ఒకటుంది. రాయలు ఇక్కడికి వచ్చింది హరివాసరం నాడు, అంటే ఏకాదశి నాడు. ఆ రోజంతా ఉపవాసం ఉన్నాడు. కల వచ్చింది ఆ రాత్రి నాలుగో జామున. ఖాళీ కడుపుతో పడుకున్న రాజుకి తెల్లవారుజామున వచ్చిన కల నుంచి పుట్టిన కావ్యం అది.

అదే కావ్యం మొదటి ఆశ్వాసంలో తెలుగు సాహిత్యంలో బహుశా అన్నిటికన్నా నోరూరించే భోజనాల వర్ణన ఉంది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలంలో ఏం పెట్టేవాడో రాయలు చెబుతాడు. వానాకాలంలో కలమ బియ్యపు అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు తాలింపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పల్చని అంబలి, చెరుకురసం, లేత కొబ్బరినీళ్లు, పళ్లు, ఊరేసిన మామిడి పిందెలు, నీళ్ల మజ్జిగ. చలికాలంలో ఘుమఘుమలాడే కొత్తన్నం, మిరియప్పొడి చల్లిన వేడి కూరలు, ముక్కుకి తగిలే ఆవఘాటు పచ్చళ్లు, పాయసం, చురుక్కుమనే నెయ్యి, పాలు. ఎండుమిరపకాయ ఎక్కడా లేదు. మిరప అప్పటికింకా అమెరికా ఖండం నుంచి మన వంటింటికి చేరలేదు. గుంటూరు పక్కన కూచుని చదివితే నవ్వొస్తుంది.

ఈ మూడు పద్యాల్నీ రుచుల జాబితాగానే చదవడం నాకు అలవాటు. ఈసారి వరసగా పెట్టి చూశాను. పాయసం, వేడి నెయ్యి, పాలు చలికాలానికి పడ్డాయి. ఎండాకాలం వచ్చేసరికి తిండి మొత్తం పల్చబడి నీళ్లయింది. ఒక్కొక్క పూట గొప్పగానే ఉంది గానీ, ఒక కాలంలో ఉన్నది ఇంకో కాలంలో లేదు. వీటన్నిటికీ ముందుమాటగా ఒక ఏకాదశి ఉపవాసం ఉంది. విందునీ పస్తునీ పక్కపక్కన పెట్టుకున్న క్యాలెండర్ అది. మనకి తెలియని క్యాలెండరేం కాదు. ధనుర్మాసంలో ముక్కోటి ఏకాదశికి పస్తుండి, సంక్రాంతికి అరిసెలు వండుతాం. కార్తీకంలో నక్తాలు చేస్తాం. వినాయకచవితికి నూనె చుక్క తగలకుండా ఆవిరి మీద ఉడికించిన ఉండ్రాళ్లు, కుడుములు. శ్రీరామనవమి ఎండకి పానకం, నానేసిన వడపప్పు. కనుమ నాడు మినుము తినాలంటారు, అందుకని గారెలు. పండగంటే డీప్ ఫ్రై అనుకునే మనకి, సగం పండగల్లో వేపుడే లేదన్న సంగతి గుర్తుండదు.

*

రాయలు చెప్పింది ఉన్నవాళ్ల భోజనం. మరి లేనివాళ్లది? ఈ నేల మీద మామూలు రోజున మామూలు మనిషి ఏం తిన్నాడు?

శ్రీనాథుడి పేరుతో చెలామణీ అయ్యే చాటువుల్లో పల్నాటి మీద ఎకసెక్కాలున్నాయి. అక్కడ సన్నన్నం దొరకదని, ఎటు చూసినా జొన్నకూడేనని కవిగారి బాధ. వరన్నానికి అలవాటుపడ్డ నోటికి జొన్న దిగలేదు. పల్నాడు డెల్టాకి ఎంతో దూరం కాదు. డెల్టాలో కూడా కాలవలు రాకముందు వరి లేదని కాదు గానీ, వానకీ చెరువుకీ వరదకీ దణ్ణం పెట్టుకుని పండించుకున్న వరి అది. మెట్టలో జొన్న, సజ్జ, రాగి, కొర్ర, వరిగ. వాన మొహం చాటేస్తే అవీ లేవు.

1832-33లో వానలు మొహం చాటేశాయి. తెలుగు సంవత్సరం నందన కాబట్టి దాన్ని నందన కరువన్నారు. అప్పటి గుంటూరు జిల్లా జనాభా సుమారు 5 లక్షలైతే అందులో లక్షన్నర నుంచి 2 లక్షల మంది దాకా పోయారని అంచనాలు. కృష్ణ పక్కనే పారుతోంది, పొలానికి నీళ్లు లేవు. ఆర్థర్ కాటన్ ఆలోచనతో, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో, 1852లో మొదలై 1855కి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. సీతానగరం కొండకీ ఇంద్రకీలాద్రికీ మధ్య కిలోమీటరు పైచిలుకు రాతి కట్ట. దాని నుంచి రెండు వైపులా కాలవలు. బందరు కాలవ, ఏలూరు కాలవ, ఇవాళ మనం ట్రాఫిక్ జామ్‌లో నిలబడి తిట్టుకునే వంతెనల కింద పారే నీళ్లన్నీ అవే.

ఆ నీళ్లు వచ్చాక డెల్టా రంగు మారిపోయింది. మెట్ట పంటలు వెనక్కి జరిగాయి, వరి ముందుకొచ్చింది. పండగలకో, పెద్దింట్లోనో కనపడే వరన్నం రోజువారీ తిండి అవడానికి మొదటి మెట్టు ఇదే. దీన్ని నేను చిన్నచూపు చూడను. లక్షన్నర చావుల తర్వాత వచ్చిన నీళ్లవి.

*

నీళ్ల తర్వాత మరలు వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో డెల్టా ఊళ్లలో రైసు మిల్లులు లేచాయి. అంతకు ముందు ధాన్యం రోట్లో పోసి రోకళ్లతో దంచడమే. దంచిన బియ్యానికి తవుడు కొంతైనా అంటుకుని ఉంటుంది. మిల్లు దాన్ని నున్నగా గీకేసి, మల్లెపువ్వులాంటి బియ్యం చేతికిస్తుంది. పెళ్లిళ్లలో వడ్డించే తెల్లన్నం అందరి కంచంలోకీ వచ్చింది.

దాని వెనకాలే బెరిబెరి అన్న జబ్బు పేరు ఎక్కువగా వినపడసాగింది. కాళ్లు తిమ్మిరెక్కి, నీరు దిగి, గుండె బలహీనపడి మనుషులు పోయేవాళ్లు. ఇది మిల్లులతోనే పుట్టలేదు. ఉత్తర సర్కారుల్లో ఉందని 1835లోనే మాల్కమ్సన్ అనే సైనిక వైద్యుడు మద్రాసులో ఒక పుస్తకం అచ్చువేశాడు. ఉత్తర సర్కారులంటే మన తీరమే, గంజాం నుంచి గుంటూరు దాకా. తర్వాతి కాలపు పరిశోధకులకి కూడా దేశంలో బెరిబెరి ప్రధానంగా కనపడింది ఈ తీరంలోనే. పక్కనున్న తమిళ దేశంలో, మలబారులో అంతగా ఎందుకు లేదు? వాళ్లది ఎక్కువగా ఉప్పుడు బియ్యం. వడ్లని ఉడకబెట్టి ఎండబెట్టి ఆడించేటప్పుడు పైపొరలో ఉన్న బీ1 విటమిను గింజ లోపలికి ఇంకుతుంది. మనది పచ్చి బియ్యం. మిల్లులో ఆడిస్తే ఆ విటమిను తవుడుతోపాటు పోతుంది. మిగిలిందేదైనా ఉంటే నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే అదీ పోతుంది. తవుడు గేదెకి, గంజి బట్టలకి, తెల్లటి మెతుకులు మనకి.

1918లో నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టాడు. పావురాలకి మిల్లు బియ్యం పెట్టి ఏమవుతుందో చూశాడు. ఆ గది 1928కి న్యూట్రిషన్ రిసెర్చ్ లేబొరేటరీస్ అయింది. 1958లో హైదరాబాదు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో మీరు బస్సు దిగే స్టాపు పక్కన కనపడే ఎన్‌ఐఎన్ అదే. కంచంలో ఏది ఎంత ఉండాలో ఇవాళ దేశానికి చెప్పే సంస్థ పుట్టింది ఈ జబ్బు లెక్క తేల్చడానికి. ఆ జబ్బు ఎక్కువగా ఉన్నది మన తీరంలో. మనకి పోషకాహార పాఠాలు పైనుంచి ఊడిపడ్డాయనుకుంటాం గానీ, ఆ పాఠాలకి మన అన్నం కుండే మొదటి పుస్తకాల్లో ఒకటి.

ఇదే కాలంలో, 1934లో, గాంధీ అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టించి దంపుడు బియ్యం తినమని ఊరూరా చెప్పించాడు. నాన్నమ్మని అడిగితే ఇంకో సంగతి చెప్పింది. వాళ్లింట్లో ధాన్యం దంచడానికి నలుగురు ఆడవాళ్లు వచ్చేవాళ్లట. కూలి నూకలూ తవుడూ. ఊళ్లోకి మిల్లు వచ్చాక వాళ్లు రాలేదు. "మా అమ్మ చేతులు బతికాయి, వాళ్ల కడుపులు కాలాయి" అంది. మిల్లు ఒక ఇంటి ఆడవాళ్లకి విశ్రాంతి, ఇంకో ఇంటి ఆడవాళ్లకి పస్తు. దంపుడు బియ్యాన్ని ఆర్గానిక్ స్టోర్లో కిలోల లెక్కన కొంటున్నప్పుడు ఆ నలుగురూ నాకు గుర్తొస్తున్నారు.

*

నాన్నమ్మకి పన్నెండేళ్లప్పుడు, 1952లో, పాత ఆనకట్టకి గండి పడింది. 1954లో మొదలుపెట్టి 1957కి ప్రకాశం బ్యారేజీ కట్టారు. ఆ తర్వాత వచ్చిన రెండు సంఘటనలు మన కంచాన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చాయి.

మొదటిది, 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మొదలుపెట్టిన కిలో 2 రూపాయల బియ్యం. ఆయనది ఇదే డెల్టా, నిమ్మకూరు. కాలవ నీళ్లు అందని తెలంగాణ, రాయలసీమ మెట్ట ఊళ్లలో అప్పటిదాకా వరన్నం పండక్కో చుట్టాలొస్తేనో వండుకునేది. వరన్నం తిన్నామని చెప్పుకోవడమే గొప్ప. ఆ గొప్పతనాన్ని రెండు రూపాయలకి అందరికీ ఇవ్వడం ఎంత పెద్ద మాటో, ఆకలి తెలిసినవాళ్లు ఎవరూ తక్కువచేసి మాట్లాడలేరు.

రెండోది 1986లో బాపట్ల పరిశోధనా స్థానం నుంచి వచ్చిన బీపీటీ 5204. దాని పేరు సాంబా మసూరి. సన్నగా, తెల్లగా, విడివిడిగా ఉండే మెతుకు. శ్రీనాథుడు పల్నాడులో దొరక్క అల్లాడిన సన్నన్నం ఇప్పుడు పల్నాడు చేలల్లోనే పండుతోంది. హైదరాబాదు హాస్టలు మెస్సులోనూ అదే, అమెరికాలో ఇండియన్ స్టోర్లో దొరికే సోనా మసూరి సంచీలోనూ దాని బంధువులే.

ఇప్పుడు వరసగా చూడండి. 1855లో నీళ్లు, తర్వాత మిల్లు, 1983లో రెండు రూపాయలు, 1986లో సన్నబియ్యం. ఒక్కో అడుగూ ఒక్కో ఆకలికి జవాబు. అన్నీ కలిపితే, పండగ రోజు కంచంలో ఉండేది మామూలు రోజు కంచంలోకి వచ్చేసింది. తెల్లన్నం ఒక్కటే కాదు. నా చిన్నప్పటికి కూడా అరిసెలంటే సంక్రాంతికే. ఇవాళ బెజవాడలో ఏ వీధిలోనైనా పిండివంటల కొట్టు ఉంది. జూన్‌లో అరిసెలు, ఆగస్టులో సున్నుండలు, ఫోన్లో నొక్కితే అరగంటలో గుమ్మం ముందు పూతరేకులు. నాన్న ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్లూ మూడు పూటలా తెల్లన్నమో ఇడ్లీయో, సాయంత్రం స్వీటో, రెండు చెంచాల పంచదారతో నాలుగు టీలో. రోజంతా కుర్చీ. పండగ ఆయన ఒంటికి ఎప్పుడు కొత్తగా తగిలింది గనక?

నాన్నమ్మ అన్న "రోజూ పండగే" నాకు ఇక్కడ అర్థమైంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది అని తేల్చింది. 2024లో ఎన్‌ఐఎన్ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు, రోజువారీ శక్తిలో తృణధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెప్పాయి. సగం కూడా కాదు. మా ఇంట్లో ఒక వారం రాసి చూశాను. అన్నం, ఇడ్లీ, దోసె, ఉప్మా కలిపితే ఎంత తక్కువ లెక్కేసినా మూడొంతుల్లో రెండొంతులు దాటింది. అవి పండగ రోజులు కావు, వట్టి మంగళవారాలూ బుధవారాలూ. నేను యాప్ పట్టుకుని కాపలా కాసింది మాత్రం సంక్రాంతికి.

*

అయితే పాతకాలమే మేలా? ఇక్కడ తొందరపడకూడదని నాన్నమ్మే చెప్పింది. పాత అదుపు ఎవరో ఆలోచించి పెట్టుకున్నది కాదు. అందులో సగం లేమి, సగం ఆడవాళ్ల రెక్కలు.

అరిసె వండటం తమాషా కాదు. కొత్తబియ్యం నానబెట్టాలి, వడేసి తడి ఆరకుండానే దంచాలి, జల్లించాలి, బెల్లం పాకం పట్టాలి. పాకం ఒక్క క్షణం ముదిరితే రాయి, లేతైతే నూనెలో విచ్చిపోతుంది. పిండి కలిపి, నువ్వులద్ది, తట్టి, కాగే నూనెలో వేసి, తీసి, చెక్కల మధ్య పెట్టి నూనె కారేలా ఒత్తాలి. నలుగురైదుగురు చేతులు లేనిదే కాదు. అందుకే ఏడాదికోసారి. చేసింది డబ్బాలో మూలగడానికి కూడా కాదు. ఇరుగుపొరుగుకి, చాకలికి, మంగలికి, పాలేరుకి, ఆడపిల్లల అత్తారింటికి పంపకాలు. వండినవాళ్ల వాటాకి మిగిలేవి కొన్ని. పాలేరు పిల్లలకి ఆ ఒక్క అరిసే పండగ. ఏడాదంతా వాళ్లది తరవాణి, జొన్నసంకటి, అంబలి. ఇవాళ మనం స్టార్టప్ ప్యాకెట్లలో కొనుక్కుని ఫోటోలు పెట్టే మిల్లెట్లు వాళ్లకి వేరే దారి లేక తిన్న తిండి. వాళ్లకి షుగరు రాలేదని మెచ్చుకునే ముందు, ఎంతమంది షుగరొచ్చే వయసు దాకా బతికారో కూడా అడగాలి.

కాబట్టి ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోను. లేమి గీసిన గీత చెరిగిపోవడం మంచిదే. ఆ గీత ఉన్న చోట మనంతట మనం గీసుకోవాల్సింది ఒకటుంది, అది ఇంకా గీసుకోలేదు. చిక్కంతా అక్కడుంది.

గీసుకునే ప్రయత్నాలు బెజవాడలో తక్కువేం కాదు. తిండి నియమాలకి ఈ ఊరు రాజధాని అనొచ్చు. కృష్ణ కరకట్ట మీద మంతెన సత్యనారాయణరాజు గారి ఆశ్రమం, ఉప్పూ నూనే లేని వంట. 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి వచ్చి మా వీధిలో సగం మంది అన్నం మానేసి కొబ్బరినూనె తాగారు. తర్వాత మైసూరు నుంచి ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు. కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, అండుకొర్రలు. ఏది ఎంత మంచిదో తేల్చడం నా పని కాదు, అది డాక్టర్ల పని. నేను చూసింది ఒక్కటే. మా వీధిలో ఏ పద్ధతి పట్టినవాళ్లైనా పండగ దగ్గరికొచ్చేసరికి తెగిపోయారు. కొందరు పండక్కి పద్ధతిని వదిలేసి మళ్లీ దాని మొహం చూడలేదు. కొందరు పద్ధతి కోసం పండగని వదిలేసి, బంతిలో చుట్టాల మధ్య సూపు గ్లాసుతో కూచున్నారు. పూర్తిగా మానెయ్యడమో, పూర్తిగా తినెయ్యడమో. ఏకాదశీ సంక్రాంతీ రెండూ ఉన్న క్యాలెండరు గోడకి వేలాడుతూనే ఉంది గానీ, దాన్ని చూసి తినడం మర్చిపోయాం.

*

నాన్నతో బేరం కుదుర్చుకున్నాం. ఆయన అడిగిన మూడు రోజులు ఆయనవి. మిగతావి మావి. డాక్టరుగారికి చెప్పాం, ఆయన మందులు చూసి సరే అన్నారు.

ఏడాదిలో చేసినవి పెద్ద పనులేం కావు. మధ్యాహ్నం అన్నం సగమైంది, కూరా పప్పూ రెట్టింపయ్యాయి. ముందు కూర, పప్పు కాస్త తిని, ఆ తర్వాత అన్నం కలుపుకోవడం. ఇలా తింటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగదని చిన్న చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. బ్రౌన్ రైస్ నాన్న రెండు రోజులు తిని, మూడో రోజు కంచం తోసేశాడు. ఒక్క పాలిష్ బియ్యం దగ్గర రాజీ పడ్డాం. సాంబా మసూరినే మెరుగుపరచి హైదరాబాదులో సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన రకం ఒకటుంది, దాని గ్లైసీమిక్ సూచిక 51 దగ్గరని చదివి వెతికాను. దొరికినప్పుడు అది. రాత్రి జొన్నరొట్టె. టీలో పంచదార పోయింది. పొద్దున్నే ఏలూరు కాలవ గట్టున నడక. జూన్‌లో అరిసెలు బంద్. నాన్నకి అన్నిటికన్నా కష్టమైంది ఇదేనట. కొట్టు ముందు నుంచి నడవాల్సొచ్చినప్పుడు రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవాణ్ణని తర్వాత చెప్పాడు.

2024 డిసెంబరు పరీక్షలో 7.1 వచ్చింది.

2025లో ముక్కోటి ఏకాదశి జనవరి 10న, భోగి 13న. నాన్నమ్మ ఎప్పట్లాగే పస్తుంది. నేనూ ఉన్నాను, రాయల్ని తలుచుకుని. సాయంత్రానికి కల రాలేదు గానీ తలనొప్పి వచ్చింది. నాన్నని డాక్టరుగారు ఉండొద్దన్నారు. షుగరు మాత్రలు వేసుకుని ఏమీ తినకపోతే చక్కెర మరీ పడిపోవచ్చు. ఆయన పళ్లూ మజ్జిగతో సరిపెట్టుకున్నాడు.

భోగి నాడు కొత్తబియ్యం, పెసరపప్పుతో పులగం, గుమ్మడికాయ పులుసు. పెద్దపండగకి అరిసెలు. ఈసారి అమ్మ అటకెక్కించలేదు. నాన్నమ్మ పిండి ఉండని ఉసిరికాయంత చేసింది. "అరచేతంత ఉంటేనే అరిసె అని శాస్త్రంలో ఉందా?" అంది. నాన్న చెక్కలు పట్టుకుని నూనె ఒత్తాడు. మామూలుగా మగవాళ్లు చేసే పని కాదు మా ఇంట్లో, ఇదే మొదటిసారి. పది నిమిషాలకే మణికట్టు నొప్పెట్టి, "ఇన్నేళ్లు ఇది మీరు ఎలా చేశారే" అన్నాడు అమ్మతో. అమ్మ జవాబు చెప్పలేదు.

పగలు, అందరి మధ్యా, ఆకులో వడ్డించుకుని నాన్న రెండు అరిసెలు తిన్నాడు. మూడోది అందించబోతే చెయ్యి అడ్డుపెట్టాడు. నేను యాప్ తెరవలేదు. కనుమకి గారెలు, నాటుకోడి.

ముక్కనుమ పొద్దున్నే నాన్నమ్మ మిగిలిన అరిసెలన్నీ పొట్లాలు కట్టించింది. పై వాటాలో వాళ్లకి, వాచ్‌మన్ పిల్లలకి, పనమ్మాయికి, నా హైదరాబాదు బ్యాగులోకి. పదకొండు గంటలకి డబ్బా ఖాళీ. నాన్న దాన్ని తోమి, బోర్లించి ఆరబెట్టి, స్టూలు వేసుకుని తనే అటకెక్కించాడు. నేను కింద స్టూలు పట్టుకున్నాను.